ఆ స్తంభం నీది కాదు

జూలై 3, బుధవారం

ఎడమ చేత్తో రాస్తున్నాను. చెయ్యి దారికి రావాలంటే రోజుకు పది పంక్తులు రాయమని నర్సు చెప్పింది. ఇవాళ్టికి ఇంతే.

జూలై 4, గురువారం

నిన్న రాసింది చూసుకున్నాను. కోడి కెలికినట్టు ఉంది. ఈ పుస్తకం ఎవరైనా దొంగచాటుగా చదువుతారేమోనని నిన్నంతా భయపడ్డాను. ఆ బెంగ అక్కర్లేదు. రాసిన నాకే అర్థం కావడం లేదు.

జూలై 6, శనివారం

చెల్లెలు వచ్చింది. ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చిన దగ్గర్నుంచి రోజూ వస్తోంది. కట్టు మార్చేది అదే. మా ఆవిడకు పుండు చూస్తే కళ్లు తిరుగుతాయి. నా కుడిచేతికి చిటికెన వేలు, దాని పక్కది పోయాయి కదా, మిగిలిన వాటిని ఒక్కొక్కటే తుడుస్తూ, "ఇక నుంచి నువ్వు ఎనిమిది దాకా లెక్కపెడితే చాలు అన్నయ్యా" అంది. నవ్వాను. నవ్వితే భుజం దాకా లాగింది.

రోజూ ఇంత దూరం ఎందుకే అంటే, డ్యూటీ లేదుగా, ఖాళీయే అంది. సస్పెండ్ అయి పదహారు రోజులు.

జరిగిన సంగతి ఒక్కసారి రాసి వదిలేస్తాను. మళ్లీ రాయను. జూన్ ఇరవైన ఆస్పత్రి వీధిలో స్తంభం మీద నేనున్నాను. సబ్‌స్టేషన్‌లో స్విచ్చుల ప్యానెల్ దగ్గర ఆపరేటరుగా మా చెల్లెలుంది. లైన్ క్లియర్ తీసుకున్నాను. అంటే నేను వైర్‌లెస్ సెట్టులో పని అయిపోయిందని చెప్పేదాకా అది ఆ లైనుకు కరెంటు ఇవ్వకూడదు. నేను స్తంభం మీద ఉండగా కరెంటు వచ్చింది. నేను లైన్ క్లియర్ తిరిగి ఇవ్వకముందే తొందరపడి ఇచ్చేశానని అది రాసిచ్చింది. నాకేమీ గుర్తులేదని నేను చెప్పాను. అంతే.

జూలై 8, సోమవారం

మీటర్లాయన వచ్చాడు. మా యూనియన్ శాఖకు అధ్యక్షుడు, నేను కార్యదర్శిని. ముప్పై ఏళ్లు ఇంటింటికీ తిరిగి మీటర్లు చదివిన మనిషి. ఇప్పుడు మనుషుల ముఖాలనూ అలాగే చదువుతాడు, కళ్లు చికిలించి. నా ముఖంలో ఏం చదివాడో గాని, "తేరుకున్నావోయ్" అన్నాడు.

శాఖ కబుర్లు చెప్పాడు. రెండేళ్లుగా అడుగుతున్న రబ్బరు తొడుగులు వచ్చాయట. ఇరవై వచ్చాయి, ఇరవైయ్యూ ఎడమ చేతివే. "ఎవరికి పనికొచ్చినా రాకపోయినా కార్యదర్శిగారికి పనికొస్తాయి" అన్నాడు. మా ఆవిడకు కోపం వచ్చింది. నాకు మాత్రం ఆస్పత్రికి వచ్చి కన్నీళ్లు పెట్టుకున్నవాళ్లందరి కంటే ఈయనే నయమనిపించింది.

తర్వాత అసలు సంగతికి వచ్చాడు. విచారణ ఇరవై ఆరున. చెల్లెలు తప్పు ఒప్పుకుంది కాబట్టి శాఖ చేయగలిగింది ఒకటే. ఆ రోజు దాని చేత వరుసగా రెండు షిఫ్టులు చేయించారు, అలిసిపోయిన మనిషి పొరపాటు పడింది అని వాదించడం. గట్టి వాదనే. గెలిస్తే ప్యానెల్ నుంచి తీసేసి బిల్లుల కౌంటరులో వేస్తారు. ఓడితే ఉద్యోగమే పోతుంది.

"నీకేం ఢోకా లేదు" అన్నాడు నాతో. పొరపాటు ఆపరేటరుది అయితే నాకు రిటైరయ్యేదాకా స్టోర్సులో కూర్చునే పని ఇస్తారు. అదే లైన్‌మన్ సొంత నిర్లక్ష్యం అని తేలితే ఇంటికే. ఇరవై ఆరేళ్ల సర్వీసూ గోవిందా. "దేవుడు దయగలవాడు, నీ తప్పు లేదు" అని వెళ్లాడు.

ఆడవాళ్లను ప్యానెల్ మీద కూర్చోబెట్టాలని ఎనిమిది నెలలు ఆఫీసు చుట్టూ చెప్పులరిగేలా తిరిగింది నేను. మొట్టమొదట వచ్చింది మా చెల్లెలు. పరీక్ష అది సొంతంగానే పాసైంది, నేను తలుపు తెరిపించానంతే. ఇప్పుడు ఇంకో ఇద్దరు అమ్మాయిలు దాని దగ్గర పని నేర్చుకుంటున్నారు. నేర్చుకుంటూ ఉండేవాళ్లు అనాలేమో.

జూలై 9, మంగళవారం

కౌంటరు పని మంచిదే. ఫ్యాను కింద కుర్చీ. షిఫ్టుల బాధ లేదు. దానికీ కాస్త విశ్రాంతి.

జూలై 11, గురువారం

పొడుగోడు వచ్చాడు. ఆరేళ్లుగా లైను మీద నాకు జోడీ. నిచ్చెన లేకుండా బల్బు మారుస్తాడని మా వాళ్లు పెట్టిన పేరు. మా గుమ్మం తగలకుండా వంగి వస్తాడు. ఇవాళ లోపలికి వచ్చి కూర్చున్నాక కూడా వంగే ఉన్నాడు.

ఆ మాటా ఈ మాటా అయ్యాక నేల చూస్తూ అడిగాడు. "అన్నా, ఇరవై ఆరున నన్నూ రమ్మన్నారు. రాడ్ల సంగతి అడిగితే ఏం చెప్పమంటారు?"

ఎర్తు రాడ్లు. లైనును భూమికి కలుపుతూ తగిలిస్తాం. పని అయ్యేదాకా ఉంటాయి, పని అయిపోయాకే తీస్తాం. అవి ఉండి ఉంటే కరెంటు వచ్చినా నేరుగా భూమిలోకి పోయేది, నా దాకా వచ్చేది కాదు. ఆ రోజు అవి లైను మీద లేవు. వీడు తీసి, మలుపు అవతల ఆపిన బండిలో పెట్టడానికి వెళ్లాడు. ఎవరు తీయమన్నారు అన్నదే ప్రశ్న.

నాకు గుర్తులేదురా అన్నాను.

"సరే అన్నా. అయితే నాకూ గుర్తులేదు" అన్నాడు. టీ ముట్టకుండానే లేచి వెళ్లాడు.

మంచివాడు. వాడి చేత అబద్ధం చెప్పించడం నా ఉద్దేశం కాదు. నేను చెప్పమనలేదు కూడా. వాడే అన్నాడు.

జూలై 12, శుక్రవారం

పక్కింటాయన పలకరించడానికి వచ్చి, అసలు ఏమైందండీ అన్నాడు. గుర్తులేదన్నాను. ఆయన వెళ్లాక మా ఆవిడ గ్లాసులు తీస్తూ అంది, "మీరు అన్నీ మర్చిపోయారు. మర్చిపోయానని చెప్పడం మాత్రం ఒక్కసారీ మర్చిపోలేదు."

దీనికి నోరు ఎక్కువ. పెళ్లినాటి నుంచీ ఇంతే.

ఆ రోజు పొద్దున గాలి బాగా వీచింది. ఆస్పత్రి గోడ మీద ఎవరో ఉతికిన దుప్పట్లు ఆరేశారు. నేను పైకి ఎక్కుతుంటే ఒక ముసలాయన కింద ఆగి, కరెంటు ఎప్పుడొస్తుంది నాయనా అని అడిగాడు. ఇవన్నీ గుర్తున్నాయి. తర్వాతివే లేవు. డాక్టరు కూడా అలా జరుగుతుందన్నాడు.

జూలై 14, ఆదివారం

ఈ నెల శాఖ వార్తలు ఆలస్యమయ్యాయని మీటర్లాయన కబురు పంపాడు. పదకొండేళ్లుగా నెలకో కాగితం నా చేత్తో రాసి, నకళ్లు తీయించి, ఏడు సబ్‌స్టేషన్ల బోర్డుల మీదా అంటిస్తున్నాం. గుండ్రంగా రాస్తానని పేరు. ఇప్పుడు ఆ గుండ్రాలు రాసే చెయ్యి లేదు. నేను చెబుతాను, నువ్వు రాయవే అన్నాను చెల్లెలితో. దాని దస్తూరీ కూడా నాదే. చిన్నప్పుడు పలక మీద చెయ్యి పట్టి దిద్దించింది నేనే.

కింద కూర్చుని, మోకాలి మీద అట్ట పెట్టుకుని రాసింది. స్టోర్సు పెద్దాయన పదవీ విరమణ, ఆయన ఇచ్చిన టీ విందు. కేబుళ్ల విభాగంలో ఒకరికి కవలలు. తొడుగుల సంగతి. దానికి నేను పెట్టిన మాటలు చదువుకుని పడీ పడీ నవ్వింది. శాఖ గది పైకప్పు కారుతున్న సంగతి, వరుసగా ఐదో నెల. జోడీకి రెండు సెట్లు ఇవ్వాలన్న కోరిక, వరుసగా మూడో ఏడు.

తర్వాత ప్రమాదం. అది రాయకుండా కుదరదు, శాఖలో జరిగిందేదీ దాచకూడదని నియమం పెట్టిందీ నేనే. "అనుకోని కారణాల వల్ల" అని మొదలుపెట్టాను. చెల్లెలు కలం ఆపింది.

"అలా రాస్తే అందరూ నిన్నే అనుకుంటారు. 'ఆపరేటర్ పొరపాటు వల్ల' అని రాస్తాను."

నేను వద్దనలేదు. ఆ మాటను తన చేత్తో, నా అక్షరాలతో, ఒక్క కొట్టివేత లేకుండా రాసింది.

చివర్న జాగ్రత్త అని ఒక పెట్టె ఉంటుంది. అది చెప్పబోతే, "చెప్పక్కర్లేదులే, నాకు వచ్చు" అని తనే రాసుకుపోయింది. పదకొండేళ్లుగా నేను నెలనెలా రాసే వాక్యం. లైన్ క్లియర్ తిరిగి ఇచ్చాక ఆ స్తంభం నీది కాదు.

రాసి నా వైపు చూడలేదు. నేనూ దాని వైపు చూడలేదు. వదినా టీ ఇస్తావా అని వంటింట్లోకి వెళ్లింది.

జూలై 15, సోమవారం

రాయడానికి ఏమీ లేదు.

జూలై 16, మంగళవారం

ఏమీ లేదు.

జూలై 18, గురువారం

ఆ ఇద్దరు అమ్మాయిలు వచ్చారు, ప్యానెల్ పని నేర్చుకుంటున్నవాళ్లు. ఒకతి గడగడా మాట్లాడుతుంది, ఇంకొకతి అసలు మాట్లాడదు. శాఖ వార్తలు బోర్డెక్కిన మర్నాడే వాళ్లిద్దరినీ టైపు సెక్షనుకు పంపేశారట. ఆడవాళ్లకు ప్యానెల్ ఇచ్చే విషయం మళ్లీ ఆలోచిస్తామని ఆఫీసు కాగితం. ఒక బోర్డు మీద, 'ఆపరేటర్ పొరపాటు' అన్న చోట ఎవరో గీత గీసి పక్కన రాశారట. ఆ రాసిందేమిటో గడగడా మాట్లాడే అమ్మాయి కూడా చెప్పలేకపోయింది.

అర్జీ రాసి పెట్టమని వచ్చారు. మమ్మల్ని తెచ్చింది మీరే కదా సార్, మీరు ఒక్క మాట అంటే వింటారు అంది. మాట్లాడని అమ్మాయి వెళ్లేటప్పుడు మాత్రం నోరు విప్పింది.

"మేడం అలా చేశారంటే నమ్మలేకపోతున్నాం సార్. లైన్ క్లియర్ రిటర్న్ వచ్చాక కూడా పుస్తకంలో రాసి, రాసింది రెండుసార్లు చదివి గాని స్విచ్చు మీద చెయ్యి వేసేవారు కాదు. మాకు చాదస్తంలా ఉండేది."

అర్జీ రేపు రాసిస్తానన్నాను. సాయంత్రం చెల్లెలు వచ్చి కట్టు మార్చింది. దాంతో ఒక్క మాట కూడా మాట్లాడలేకపోయాను. నొప్పిగా ఉందా అన్నయ్యా అని మూడుసార్లు అడిగింది.

జూలై 19, శుక్రవారం

గుర్తుంది.

మొదటి నుంచీ గుర్తుంది. ఈ పుస్తకంలో కూడా అబద్ధం రాసుకున్నానంటే నా అంత మొనగాడు ఉండడు. ఎవరికి భయపడి? నా ఎడమ చేతికా?

ఆ రోజు పదకొండుంపావుకు పని అయిపోయింది. కిందికి దిగాను. రాడ్లు తీసెయ్యరా అన్నాను పొడుగోడితో. తీశాడు, చుట్టాడు, బండి దగ్గరికి వెళ్లాడు. సెట్టు తీసి చెల్లెలికి చెప్పాను. పని అయిపోయింది, రాడ్లు తీశాం, మనుషులంతా కిందే ఉన్నారు, లైన్ క్లియర్ తిరిగి ఇస్తున్నాను అని. అది ముక్క పొల్లుపోకుండా తిరిగి చెప్పింది. అవును అన్నాను. అన్నీ పద్ధతి ప్రకారమే.

తర్వాత తలెత్తి చూశాను. పైన తీగకు వేసిన కట్టులో ఒక చుట్టు వదులుగా కనిపించింది. ప్రమాదమేమీ కాదు, మళ్లీ నెలకు చూసుకున్నా సరిపోయేది. కానీ ఇంకెవడైనా చూస్తే ఇది ఎవరి పని అంటాడు. నా పని వదులుగా ఉందని ఇరవై ఆరేళ్లలో ఎవరూ అనలేదు. ఒక్క చుట్టు. అర నిమిషం. మా చెల్లెలు రాసుకుని, రెండుసార్లు చదువుకుని, లేచి స్విచ్చు దగ్గరికి వెళ్లేసరికి నాలుగు నిమిషాలు పడుతుంది, ఈలోగా ఎక్కి దిగొచ్చు అనుకున్నాను. సెట్టులో మళ్లీ చెప్పాలనిపించలేదు. ఎక్కాను. పదకొండేళ్లు అందరికీ నీతులు చెప్పిన పెద్దమనిషి ఎక్కాడు.

అది మాత్రం ఆ రోజు నాలుగు నిమిషాలు తీసుకోలేదు. ఎందుకంటే పొద్దున లైన్ క్లియర్ తీసుకునేటప్పుడు నేనే దాన్ని కసిరాను. ఇది ఆస్పత్రి వీధి, లోపల రోగులు ఉడికిపోతున్నారు, ఇవాళ నీ నత్తనడక పనికిరాదు, నేను రిటర్న్ అన్న మరుక్షణం కరెంటు రావాలి అన్నాను. అన్నయ్య చెప్పాడు కదా అని మొదటిసారి చదువుకోకుండా వేసింది. నేను కసిరిన సంగతి స్తంభం ఎక్కేటప్పుడు నా బుర్రలో లేదు. నిజంగా గుర్తులేనిది అదొక్కటే.

ఆస్పత్రి మంచం మీద ఉండగా ఇంజనీరు వచ్చి, మీ చెల్లెలు తన తప్పేనని రాసిచ్చింది, మీరేమంటారు అన్నాడు. దాని వైపు చూశాను. గుమ్మం దగ్గర నిలబడి నాకేసి కళ్లతో వద్దని సైగ చేసింది. అప్పటికే అంతా ఆలోచించేసుకుంది. తన తప్పయితే నాకు స్టోర్సు, నా తప్పయితే నేను రోడ్డు మీద. గుర్తులేదు అన్నాను. మందుల మత్తులో ఉన్నానని నాకు నేను చెప్పుకున్నాను. మత్తు మర్నాటికే దిగింది.

ఇన్ని రోజులు ఆ పిల్ల చేత నా పుండు కడిగించుకున్నాను. సిగ్గు లేకుండా చెయ్యి చాపి కూర్చున్నాను. దానికి ప్యానెల్ అంటే ప్రాణం. చిన్నప్పుడు ఇంట్లో ఫ్యూజు పోతే సంబరపడిన పిల్ల. ఫ్యాను కింద కుర్చీ మంచిదేనని రాశాను పైన. ఆ పేజీ చింపేద్దామనుకున్నాను. ఉండనీ. చూసుకోవాలి.

మా ఆవిడకు చెప్పాను. తెలుసండీ అంది. ఎప్పటి నుంచి అన్నాను. నిద్రలో 'ఒక్క చుట్టే' అని కలవరిస్తున్నారు, పదిహేను రోజులైంది అంది. అడగలేదేమే అంటే, మీరు చెప్పేదాకా ఆగుదామనుకున్నాను, ఇరవై ఆరు దాకా చూసి ఆ పైన తందామనుకున్నాను అంది. తర్వాత నా పక్కనే కూర్చుని ఏడ్చింది. స్టోర్సు ఉద్యోగం పోతుందని ఏడ్చిందేమో అనుకున్నాను. కాదట. ఇన్నాళ్లూ ఈయన ఇంతేనేమోనని భయపడ్డానంది.

జూలై 20, శనివారం

పొద్దున కూర్చుంటే మధ్యాహ్నానికి అయింది. నాలుగు కాగితాలు పాడుచేశాను. చివరికి వచ్చింది ఇది.

శాఖ వార్తలు. సవరణ. జూన్ ఇరవైన ఆస్పత్రి వీధిలో జరిగిన ప్రమాదం ఆపరేటర్ పొరపాటు కాదు. లైన్ క్లియర్ నేను సెట్టులో తిరిగి ఇచ్చాను. ఆపరేటర్ నా మాటలు తిరిగి చెప్పి, నేను అవునన్నాకే కరెంటు ఇచ్చింది. లైన్ క్లియర్ తిరిగి ఇచ్చాక నేను ఎవరికీ చెప్పకుండా మళ్లీ ఎక్కాను. నాకు గుర్తులేదని చెప్పింది అబద్ధం. నన్ను కాపాడటానికి ఆపరేటర్ తప్పు తన మీద వేసుకుంది, నేను వేసుకోనిచ్చాను. అందుకు శాఖ ముందు తల వంచుతున్నాను. కార్యదర్శి.

చెల్లెలికి చెప్పలేదు. చెబితే కాగితం చింపేస్తుంది. పొడుగోణ్ణి పిలిపించి చేతికిచ్చాను. నిలబడే చదివాడు. ఏడు నకళ్లూ ఇవాళే ఎక్కాలి అన్నాను. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, టీ ఉందా వదినా అని అడిగాడు. రెండు గ్లాసులు తాగి వెళ్లాడు.

జూలై 21, ఆదివారం

శాఖ సమావేశం. పైకప్పు కారుతోంది, మూడు బకెట్లు పెట్టారు. నలభై మంది దాకా ఉన్నారు. బోర్డులు అందరూ చదివినట్టున్నారు, నేను లోపలికి వెళ్లగానే మాటలు ఆగిపోయాయి.

నిలబడి కాగితంలో ఉన్నదే మళ్లీ చెప్పాను. ఆస్పత్రి వీధి మీద నాకున్న తొందర సంగతి, నేను కసిరిన సంగతి కూడా చెప్పాను, కాగితంలో అది పట్టలేదు. కార్యదర్శి పదవి వదిలేస్తున్నానన్నాను.

మీటర్లాయనకు కోపం వచ్చింది. రెండు షిఫ్టుల వాదనకు ఆయన పది రోజులు కష్టపడ్డాడు మరి. ముందు నాతో ఒక్క మాట అనొచ్చు కదవయ్యా అన్నాడు. అంటే నువ్వు ఏదో దారి చూపించేవాడివి, నేను ఆ దారి పట్టేవాణ్ణి అన్నాను. కాసేపు కళ్లు చికిలించి చూశాడు. తర్వాత రాజీనామా ఆమోదించారు. విచారణలో శాఖ ఇద్దరి వైపూ నిలబడుతుందని తీర్మానం చేశారు. చేతులన్నీ లేచాయి. నేను ఎత్తకూడదు, నా సంగతి కాబట్టి. కుడిచెయ్యి ఎత్తలేను కూడా.

చెల్లెలు అప్పుడు కనిపించింది. గుమ్మంలో గొడుగు పట్టుకుని నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో. ముఖం కందిపోయి ఉంది. నేను అటు అడుగు వేసేలోగా వెనక్కి తిరిగి వెళ్లిపోయింది.

జూలై 22, సోమవారం

రాలేదు. మా ఆవిడ కళ్లు మూసుకుని కట్టు కట్టింది. బొటనవేలు బయటే ఉండిపోయింది.

జూలై 23, మంగళవారం

రాలేదు.

జూలై 24, బుధవారం

మా ఆవిడ వెళ్లి చూసొచ్చింది. ఇంట్లోనే ఉందట, అల్మరాలన్నీ సర్దుతోందట. ఏమంది అంటే, ఏమీ అనలేదు, అన్నయ్య తింటున్నాడా అని అడిగింది అంది. నేనే వెళ్దామని చెప్పులేసుకున్నాను. వెళ్లి ఏమనాలో తెలియక మళ్లీ విప్పేశాను.

జూలై 26, శుక్రవారం

విచారణ అయింది. ఒక్కొక్కరినీ విడివిడిగా పిలిచారు. బయట బల్ల మీద చెల్లెలు ఒక చివర, నేను ఒక చివర, మధ్యలో పొడుగోడు. వాడి మోకాళ్లు మా ఇద్దరికీ అడ్డంగా ఉన్నాయి. నేను లోపల అన్నీ చెప్పాను. మీ ఉద్యోగానికి ఏమవుతుందో తెలుసా అని ఇంజనీరు అడిగాడు. తెలుసన్నాను. తెలిసీ చెబుతున్నారా అన్నాడు. ఆలస్యంగా చెబుతున్నానండీ అన్నాను.

పొడుగోడు రాడ్ల సంగతి చెప్పాడు. వాడికీ జ్ఞాపకం తిరిగొచ్చింది.

సాయంత్రానికి చెల్లెలి సంగతి తేల్చేశారు. అబద్ధం రాసిచ్చినందుకు మందలింపు కాగితం, ఒకటో తారీఖు నుంచి తిరిగి ప్యానెల్ మీదికి. ఆ అమ్మాయిలిద్దరూ కూడా. నాది పై ఆఫీసుకు పంపుతున్నారు. మీటర్లాయన ఆశ వదులుకోలేదు, ఇరవై ఆరేళ్లలో ఒక్క మచ్చ లేదు అని పట్టుకుని కూర్చున్నాడు. నేను మాత్రం ఇల్లే అనుకుంటున్నాను. భయంగానే ఉంది. కానీ రాత్రి నిద్ర పడుతోంది.

బల్ల మీద నుంచి లేచి వెళ్తూ చెల్లెలు నా కట్టు చూసింది. ఎవరు కట్టారిది అన్నట్టు మొహం పెట్టింది.

జూలై 28, ఆదివారం

వచ్చింది.

చెప్పులు విప్పి, చేతులు కడుక్కుని, వేడినీళ్ల గిన్నె తెచ్చుకుని నా ముందు కూర్చుంది. మా ఆవిడ పని ఉన్నట్టు వంటింట్లోకి వెళ్లింది, గిన్నెల చప్పుడు మాత్రం లేదు. చెల్లెలు పాత కట్టు విప్పుతూ, వదిన కట్టింది కట్టు కాదు, మూట అంది. నవ్వడానికి ధైర్యం చాలలేదు.

నన్ను క్షమించవే అన్నాను. అది చెయ్యి తుడుస్తూనే ఉంది. మూడు వేళ్లూ అయ్యాక అంది.

"నువ్వు చెప్పకపోయినా నేను జన్మలో ఎవరికీ చెప్పేదాన్ని కాదు. కానీ ఇక నీ గడప తొక్కకూడదనుకున్నాను. చెయ్యి మానేదాకా వద్దాం, ఆ తర్వాత మానేద్దాం అనుకుని రోజూ వచ్చాను."

నాకు ఏడుపు ఆగలేదు. నలభై ఎనిమిదేళ్లవాణ్ణి చెల్లెలి ముందు ముక్కు ఎగబీలుస్తూ కూర్చున్నాను. తడి తగిలితే పుండుకు మంచిది కాదు, అటు తిరిగి ఏడువు అంది. తన కళ్లు మాత్రం తుడుచుకోలేదు, రెండు చేతులకూ మందు ఉంది.

మరి పోయిన ఆదివారం అలా వెళ్లిపోయావేమే అన్నాను. నెల రోజులు అన్నయ్య మీద కోపం దాచుకుని తిరిగాను, ఆ కాగితం చూశాక ఆ కోపం ఎక్కడ పెట్టాలో తెలియలేదు, అల్మరాలు సర్దాను అంది.

కొత్త గుడ్డ చుడుతూ అడిగింది.

"ఆ రోజు సెట్టులో నా గొంతు వినిపించిందా?"

అప్పుడు నేను స్తంభం మీద నడుం బెల్టుకు వేలాడుతున్నాను. సెట్టు భుజానికి ఉంది. సెట్టులో ఎవరినీ అన్నా, చెల్లీ అని వరస పెట్టి పిలవకూడదు, స్తంభం నంబరుతోనే మాట్లాడాలి. చెల్లెలు ఉద్యోగంలో చేరిన మొదటి రోజు నేనే చెప్పాను, ఇక్కడ నేను నీ అన్నయ్యను కాను అని. అది ఆ రోజు నంబరు మర్చిపోయింది.

విన్నానన్నాను. పదకొండుసార్లు పిలిచావు అన్నాను.

"పన్నెండు" అంది.

"పదకొండేనే."

"పన్నెండు. కరెంటు వెయ్యగానే లైను ట్రిప్పయింది, నీకేదో అయిందని తెలిసిపోయింది. ప్యానెల్ వదిలి కదలకూడదు కదా, పరిగెత్తుకు రాలేను. ఇంకేం చేయను, లెక్కపెట్టుకుంటూ పిలిచాను. ఒక్కదానికీ నువ్వు పలకలేదు."

ముడి వేస్తూ ఆగిపోయింది. ఎడమ చేత్తో చెల్లెలి చెయ్యి పట్టుకున్నాను.

ఆ చివరిది నాకు వినపడలేదే, ఇంకోసారి పిలువు అన్నాను.

తల ఎత్తలేదు. చాలాసేపు పట్టింది. నేను తొందరపెట్టలేదు.

"అన్నయ్యా" అంది.

ఆఁ అన్నాను.